బిమల దగ్గర తనదంటూ ఎంత ఉంది? 'ఘరే బాయిరే' పాఠం మీద ఒక కేస్ స్టడీ

టాగోర్ 'ఘరే బాయిరే' నవలని డిగ్రీ మూడో సంవత్సరం అమ్మాయిలకి ఒక సెమిస్టర్ పాటు చెప్పాను. అప్పుడు ఏం జరిగింది, ఎక్కడ ఇరుక్కున్నాం, ఏది మార్చాక క్లాసు కదిలింది అనేది మొత్తం ఇక్కడ రాస్తున్నా, ఇదే పుస్తకం చెప్పబోయే లెక్చరర్లకీ, నలుగురిని కూర్చోబెట్టి పుస్తకాలు చదివించేవాళ్ళకీ పనికొస్తుందని. మాది గోదావరి జిల్లాల్లో ఒక మహిళా డిగ్రీ కాలేజీ. పిల్లల్లో చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు, సగం మందికి పైగా ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నవాళ్ళే. సురేంద్రనాథ్ టాగోర్ ఇంగ్లీషులోకి చేసిన అనువాదం దగ్గర పెట్టుకున్నాం, కష్టమైన చోట నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బెంగాల్లో ఒక జమీందారు నిఖిలేశ్, చదువుకున్నవాడు, మెత్తనివాడు. భార్య బిమల ఇంట్లోంచి బయటికి రావాలి, లోకం చూడాలి, అప్పుడు కూడా తనని కోరుకుంటే అదే నిజమైన ప్రేమ అని అతని నమ్మకం, అందుకే మిస్ గిల్బీ అనే ఇంగ్లీషావిడని పెట్టి చదువు చెప్పిస్తాడు. 1905 స్వదేశీ ఉద్యమం ఊరూరా పాకుతున్న రోజుల్లో అతని స్నేహితుడు సందీప్ ఆ ఇంటికి వచ్చి దిగుతాడు, గుడి ముంగిట్లో ఉపన్యాసం ఇస్తుంటే ఆడవాళ్ళ వైపు కట్టిన చిక్ తెర వెనకాల కూర్చున్న బిమల తనకి తెలియకుండానే ఆ తెర పక్కకి జరుపుతుంది. అక్కణ్ణించి ఆవిడ సందీప్ మాటల్లో దేశానికే శక్తి అయిపోతుంది, అతను 'మక్షీరాణి', అంటే తేనెటీగల రాణి, అని పిలుస్తాడు, ఉద్యమానికి డబ్బు కావాలంటే భర్త ఇనప్పెట్టెలోంచి తీసిచ్చే దాకా వెళ్తుంది. చివరికి ఊళ్ళో అల్లర్లు, అమూల్య అనే కుర్రాడి చావు, తలకి దెబ్బ తగిలి పల్లకీలో ఇంటికి వచ్చిన నిఖిలేశ్.

ముగ్గురూ వంతులవారీగా తమ తమ ఆత్మకథ చెప్పుకుంటారు, నవల అంతా అదే. బిమలతో మొదలై బిమలతోనే ఆగుతుంది, సందీప్ గొంతు ఆఖరి భాగానికి ముందే మాయమైపోతుంది. ప్రమథ చౌధురి నడిపిన 'సబుజ్ పత్ర' పత్రికలో 1915-16లో సీరియల్‌గా వచ్చి 1916లో పుస్తకం అయింది, టాగోర్ గ్రాంథికం వదిలేసి మాట్లాడే బెంగాలీలో రాసిన మొదటి నవల ఇదే. సరిగ్గా అవే రోజుల్లో ఇక్కడ గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం యుద్ధం చేస్తున్నారని చెప్పేసరికి పిల్లలకి ఆ కాలం కాస్త దగ్గరైంది.

మొదట్లో క్లాసు ఎలా ఉందంటే

మొదటిసారి చదవడం అయిపోయాక ఒక చిన్న పని ఇచ్చాను: జరిగినదానికి ఎవరు బాధ్యులు, ఎందుకు, ఒక పేజీ రాయండి అని. దాదాపు క్లాసంతా బిమల పేరే రాసింది. అంత మంచి భర్తని పెట్టుకుని అని కొందరు, చదువు చెప్పిస్తే ఇలాగే అవుతుందని మా ఇంట్లోవాళ్ళు అనేది ఇందుకే కాబోలు అని ఒకమ్మాయి, ఆవిడకి బుద్ధి ఉండక్కర్లేదా మేడమ్ అని ఇంకో అమ్మాయి ముఖం మీదే అడిగింది. సందీప్ విలన్, నిఖిలేశ్ దేవుడు, బిమల తెలివితక్కువది. మూడు ముక్కల్లో నవల ముగిసిపోయింది.

నాకు ఇది చిన్న విషయం కాదు. ఇరవై ఏళ్ళ అమ్మాయి ఇంకో ఆడదాని కథ చదివి ముందు శిక్ష వేసి తర్వాత ఆలోచిస్తుంటే సాహిత్యం చెప్పేవాళ్ళం ఏదో ఒకటి చెయ్యాలి. అలా అని బిమలది ఏ తప్పూ లేదు అని నేను చెప్పేసి వాళ్ళతో నోట్స్ రాయించడం కూడా పాఠం చెప్పడం కాదు. పుస్తకంలోంచే వాళ్ళకి వాళ్ళు ఏదన్నా తవ్వుకోవాలి, అందుకని గుణగణాల చర్చ ఆపేసి వస్తువుల మీదికి వెళ్ళాం. ఉప్పు, బట్ట, సబ్బు, డబ్బు.

వంటింట్లోంచి మొదలుపెట్టాం

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్ సభలో విదేశీ సరుకు బహిష్కారం తీర్మానం అయింది, అక్టోబర్ 16న కర్జన్ చేసిన బెంగాల్ విభజన అమల్లోకి వచ్చింది. ఆ రోజు టాగోర్ వీధుల్లోకి వచ్చి హిందువులకీ ముస్లింలకీ రాఖీలు కట్టించిన సంగతి పాఠాల్లో ఉంటుంది. పాఠాల్లో అంతగా కనపడనిది అరంధన్. ఆ రోజు బెంగాల్లో ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగించలేదు. రామేంద్రసుందర్ త్రివేది దాని చుట్టూ 'బంగలక్ష్మీర్ బ్రతకథ' అని ఒక వ్రతకథే రాశాడు, ఆడవాళ్ళు కూర్చుని చదువుకోవడానికి వీలుగా, మన నోముల కథల్లాగే.

ఇది చెప్పగానే క్లాసులో మొదటిసారి చప్పుడు మారింది. అంటే మేడమ్, ఆడవాళ్ళు బయటికి రాకముందే ఉద్యమం లోపలికి వచ్చేసిందా అని అడిగింది ఒకమ్మాయి. అదే కదా. సీమ ఉప్పు వాడొద్దు, సీమ పంచదార వద్దు, గాజులు పగలగొట్టండి, మాంచెస్టర్ చీర కట్టొద్దు అన్నప్పుడు ఆ మాట వినాల్సింది ఎవరు? వంటగదీ బట్టల పెట్టే ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ళు. ఇల్లాలు అడుగు బయట పెట్టకుండానే ఆవిడ గడప లోపలే జాతీయోద్యమం తయారైంది. నవల పేరులో ఉన్న ఇల్లూ బయటా అనేవి రెండు వేరు వేరు చోట్లు అనుకుని చదివితే చాలా పోగొట్టుకుంటాం.

దీన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే నవలలో చిన్న చిన్న విషయాలు బయటపడ్డాయి. బిమల తన విదేశీ బట్టలన్నీ తగలబెట్టేస్తానంటే నిఖిలేశ్ ఎందుకు తగలబెట్టడం, ఇష్టం లేకపోతే కట్టుకోకు అంటాడు, ఏదన్నా కట్టడానికి పెట్టాల్సిన శక్తిలో పదో వంతు కూడా కూల్చడం మీద పెట్టకూడదంటాడు. మెజో రాణి, అంటే బిమల తోడికోడలు, మరిది సంతోషం కోసం స్వదేశీ సబ్బులు తెప్పించుకుంటుంది, ఒంటికి మాత్రం పాత విదేశీ సబ్బే. పిల్లలు దీనికి నవ్వారు, నవ్వు ఆగాక నేను అడిగిందల్లా ఒక్కటే: ఆ సబ్బుకి డబ్బు ఎవరిచ్చారు?

లెక్కల చార్టు

ఈ ప్రశ్నే మా కేసులో మలుపు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. క్లాసుని గుంపులుగా చేసి, నవలలో డబ్బు అనే మాట, లేదా డబ్బుతో కొన్న వస్తువు కనిపించిన ప్రతి చోటా ఆపి ఒక చార్టు మీద ఎక్కించమన్నాను. ఎంత, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి, అసలు ఎక్కడిది, నష్టం ఎవరికి. ఎవరు మంచి ఎవరు చెడ్డ అనే కాలమ్ పెట్టలేదు.

మిస్ గిల్బీ జీతం, నిఖిలేశ్. బిమలకి కొత్త ఫ్యాషన్ జాకెట్లు, నిఖిలేశ్, వాటిని చూసి వితంతువులైన తోడికోడళ్ళిద్దరి సూటిపోటి మాటలు. ఖర్జూరపు రసంలోంచి పంచదార తీసే ప్రయోగాలు, నిఖిలేశ్, పోయాయి. రైతులకి పొదుపు అలవాటు చెయ్యాలని పెట్టిన బ్యాంకు, వడ్డీ ఎక్కువ ఇస్తామనేసరికి జనం ఎగబడ్డారు, ఆ వడ్డీలే బ్యాంకుని ముంచేశాయి, అది కూడా నిఖిలేశే. (ఇక్కడ ఒక పక్క మాట: టాగోర్ కూడా తన జమీందారీలో పతిసర్ అనే చోట రైతుల కోసం కృషి బ్యాంకు పెట్టాడు, 1913లో వచ్చిన నోబెల్ డబ్బు కూడా తర్వాత అందులో వేశాడు. నిఖిలేశ్ నష్టాలు ఊహించి రాసినవి కావు.) సందీప్ తిరుగుళ్ళ ఖర్చు, ఉద్యమం చందాలు, ఇవీ నిఖిలేశ్ జేబులోవే, మొదట్లో బిమలకే ఇతను మా ఆయన్ని వాడుకుంటున్నాడని చిరాకుగా ఉండేది.

తర్వాత అసలు లెక్క. సందీప్ మొదట 50,000 రూపాయలు కావాలంటాడు, బిమల ఇస్తానంటుంది, ఎక్కణ్ణించి తేవాలో తెలియకుండానే. తర్వాత ప్రస్తుతానికి 5,000 చాలు అంటాడు. ఆవిడ రాత్రిపూట ఇనప్పెట్టె తెరిచి 6,000 రూపాయల గినీలు, అంటే బంగారు నాణేలు, తీస్తుంది. ఆ డబ్బు ఎవరిది? తోడికోడళ్ళిద్దరికీ ఏటా ఇచ్చే మూడేసి వేలు, కలకత్తా బ్యాంకులో వెయ్యడానికి పక్కన పెట్టినది.

చార్టు మీద ఈ వరస ఎక్కించగానే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది, అప్పటిదాకా పెద్దగా మాట్లాడని పిల్ల. మేడమ్, ఈ కాలమ్‌లో బిమల పేరు ఒక్కసారి కూడా రాలేదండి, అంది. నిజంగానే. 'ఎవరి డబ్బు' అనే కాలమ్ పైనుంచి కిందికి చూస్తే నిఖిలేశ్, నిఖిలేశ్, తోడికోడళ్ళు, నిఖిలేశ్. రాణీ అని పిలిపించుకునే మనిషి, దేశానికే శక్తి అని పూజలందుకుంటున్న మనిషి, దేశం కోసం అయిదు వేలు ఇవ్వాలంటే దొంగతనం తప్ప దారి లేదు.

మరి నగలో, అని ఇంకో గుంపు అడ్డొచ్చింది. మంచి ప్రశ్న. నగలు ఉన్నాయి, ఆవిడవే. తీసిన డబ్బు తిరిగి పెట్టెయ్యాలని నగల పెట్టె అమూల్య చేతికిచ్చి కలకత్తాలో అమ్ముకురమ్మంటుంది కూడా. అయినా సొంత నగలు అమ్ముకోవడానికి ఆవిడ ఒక కుర్రాణ్ణి గుట్టుగా పంపాలి, తనే వెళ్ళలేదు, ఇంట్లో చెప్పనూలేదు. ఆ పెట్టె కూడా మధ్యలో సందీప్ చేతిలో పడుతుంది, అతను తనేదో కానుక ఇస్తున్నట్టు తెచ్చి ఆవిడకే ఇస్తాడు. ఒంటి మీద బంగారం తనదే, దాన్ని రూపాయిగా మార్చే దారి మాత్రం తనది కాదు. ఇది మా పిల్లలకి విడమర్చి చెప్పక్కర్లేకపోయింది, వాళ్ళ ఇళ్ళల్లో బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళకి తెలుసు.

ఇంకో వరస ఉంది. అమూల్య ఆ నగలు అమ్మడు. బిమలని దీదీ అని పిలిచే ఆ కుర్రాడు దీదీ కోసం నిఖిలేశ్ కచేరీనే, అంటే శిస్తు వసూలు ఆఫీసునే, దోచి 6,000 నోట్లు తెచ్చి ఆవిడ ముందు పెడతాడు. అంటే పోయిన ఆరు వేలూ నిఖిలేశ్ ఇంట్లోవే, పూడ్చడానికి తెచ్చిన ఆరు వేలూ నిఖిలేశ్ ఖజానాలోవే. సందీప్ స్వదేశీ అంతా ఒక జమీందారు ఇంటి డబ్బు చుట్టూనే గిరగిరా తిరిగింది. మరి 'అసలు ఎక్కడిది' కాలమ్‌లో ఏం రాయాలి? కాసేపు గోల పడి చివరికి అన్ని వరసల్లోనూ ఒకటే రాశారు: రైతుల శిస్తు.

ఆ దొంగతనం తర్వాత బిమల అనుకునే మాట ఒకటుంది, తన ఇల్లు వేరు దేశం వేరు అని ఆవిడకి అనిపించదు, ఇంటిని దోచాను కాబట్టి దేశాన్నీ దోచాను అనుకుంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. చార్టు గోడ మీద ఉండగా చదివితే క్లాసు నిశ్శబ్దంగా రాసుకుంది.

నాకు అర్థమైనంతలో ఈ నవల ప్రాణం అక్కడే ఉంది. బిమల విషయంలో ఇద్దరు మగవాళ్ళకీ రెండు ప్రాజెక్టులున్నాయి, నిఖిలేశ్‌ది సంస్కరణ, సందీప్‌ది దేశం. ఒకరు స్వేచ్ఛ ఇస్తానంటారు, ఇంకొకరు సింహాసనం ఇస్తానంటారు, నీకేం కావాలి అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ సంగతి నిఖిలేశే ఒప్పుకుంటాడు చూడండి, బిమలతో తన బంధాన్ని తను అనుకున్న అచ్చులో పోసుకోవాలనుకోవడంలో దౌర్జన్యం ఉంది అంటాడు. అతను నీకు స్వేచ్ఛ ఇచ్చేశాను అన్నప్పుడు బిమల, ఇది చేపని ఆకాశంలోకి వదిలినట్టుంది అనుకుంటుంది. మొదటి పేజీల్లో తెల్లవారుజామున భర్త కాళ్ళకి తెలియకుండా దణ్ణం పెట్టుకున్న అమ్మాయికీ ఈ మాటకీ మధ్య ఉన్న దూరం చూసి చదవమని అడిగాను, అలా చదివితే ఆవిడ తెలివితక్కువది అనడం చాలా కష్టం.

పంచు మూట

లెక్కల చార్టులో ఇంకొక చిన్న అంకె ఉంది, 100 రూపాయలు. పంచు అనే పేదవాడు పక్క జమీందారు హరీశ్ కుండు రైతు. బురదలో మోకాలి లోతు దిగి నామశూద్ర అనే అణగారిన కులం ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అద్దాలు, దువ్వెనలు, రంగు దారాలు ఇచ్చి బదులు వడ్లు తెచ్చుకునే మనిషి. విదేశీ బట్ట అమ్ముతున్నాడని హరీశ్ కుండు 100 రూపాయల జరిమానా వేస్తాడు, ఆ మూట తగలబెట్టు అంటాడు. పంచు కడుపు మండి, నాకంత స్తోమత లేదు, మీరు డబ్బున్నవారు, మీరే కొని తగలబెట్టొచ్చుగా అంటాడు. ఆ నోటికి శిక్ష పడుతుంది, వందేమాతరం అరుపుల మధ్య మూట కాలిపోతుంది.

ఈ చోట కొంచెం ఎకనామిక్స్ చెప్పాలి, లేకపోతే పంచు కేవలం జాలి కథ అయిపోతాడు. మాంచెస్టర్ బట్ట చవక, సన్నం. దేశీ మిల్లు బట్ట ముతక, ఖరీదెక్కువ, పైగా బహిష్కారం వల్ల గిరాకీ పెరిగి రేటు ఇంకా పెరిగింది. బాబులకి ఆ తేడా దేశభక్తి, రోజుకి పైసా పైసా లెక్క చూసుకునేవాడికి అది ఒక పూట తిండి. సంత మాత్రం జమీందారుది. అతను వద్దంటే ఆ సంతలో ఆ సరుకు అమ్మడానికి లేదు, బహిష్కారం పల్లెలో నిజంగా అమలైంది చాలా చోట్ల ఈ మీట నొక్కే. తూర్పు బెంగాల్లో జమీందార్లలో ఎక్కువమంది హిందువులు, రైతుల్లో ఎక్కువమంది ముస్లింలు, కాబట్టి బట్ట మీద ఒత్తిడి ఎక్కడికి దారి తీస్తుందో ఊహించొచ్చు. 1907లో కొమిల్లాలో, మైమన్‌సింగ్ జిల్లా జమాల్‌పూర్‌లో అల్లర్లు జరిగాయి. టాగోర్ అప్పటికే ఉద్యమానికి దూరం జరుగుతున్నాడు, 1908లో 'సదుపాయ్' అనే వ్యాసంలో ఈ బలవంతం గురించే రాశాడు. నవలలో విద్యార్థులు వచ్చి మీ సంతలో విదేశీ సరుకు ఆపించండి అంటే నిఖిలేశ్ ఒప్పుకోకపోవడం వెనకాల ఇంత ఉంది.

ఒకమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు

అందరూ నిఖిలేశ్ వైపు వాలిపోతున్న టైములో ఒక అమ్మాయి గట్టిగా ఎదురు తిరిగింది, ఆ అమ్మాయి మాట రాయకపోతే ఈ కేసు సగమే అవుతుంది. నిఖిలేశ్ ఓపిక జమీందారు ఓపిక అంది. పంచదార ప్రయోగం పోయినా, బ్యాంకు పోయినా అతనికి అన్నం ఉంటుంది, నెమ్మదిగా కడదాం అనడం అతనికి చెల్లుతుంది, తెల్లవాడి మీద కోపం లేకుండా ఉద్యమం ఎలా వస్తుంది మేడమ్, ఈ ఊళ్ళో అయినా కోపంతోనే కదా వచ్చింది, అంది.

ఆ పిల్ల చెప్పింది రాజమండ్రి సంగతి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం తిరిగి మాట్లాడాడు, రాజమండ్రిలో ఆ ఉపన్యాసాల్ని తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు, 'భరతఖండంబు చక్కని పాడియావు' పద్యం ఆ సందర్భంలోదే. ట్రైనింగ్ కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీల గొడవలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని బయటికి పంపేశారు. ఆ కుర్రాళ్ళని సందీప్‌తో కలిపేస్తే అన్యాయం. నేనూ అదే అన్నాను. సందీప్ మొత్తం స్వదేశీ కాదు, అందులో ఒక రకం మనిషి మాత్రమే, అమూల్య ఇంకో రకం, ఏమీ తీసుకోకుండా ప్రాణం ఇచ్చేసినవాడు. అదే అమూల్య ఒకచోట ముసలి ఖజాంచీని చంపడానికైనా సిద్ధమే అంటాడు, గీతలో మాటలు తిప్పి చెప్తాడు, అవి సందీప్ నేర్పినవి. ఆ పిల్లాడి నోట్లోంచి ఆ మాట విన్నాకే బిమలకి వణుకు పుడుతుంది. సందీప్ మోహం నుంచి ఆవిడని బయటికి లాగింది భర్త మంచితనం అని పిల్లలు మొదట్లో రాశారు కానీ పుస్తకంలో చూస్తే ఈ కుర్రాడి మీద భయమూ ప్రేమే.

విమర్శ గురించి ఒక మాట. హంగేరీ మార్క్సిస్టు విమర్శకుడు జార్జ్ లూకాచ్ 1922లో ఈ నవలని గాంధీ మీద బురద చల్లిన పుస్తకంగా తిట్టిపోశాడు. గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చింది 1915లో, సహాయ నిరాకరణ 1920లో, నవల పుస్తకంగా వచ్చింది 1916లో, అందులో ఉన్నది 1905 తర్వాతి బెంగాల్. అంత పెద్ద విమర్శకుడైనా తారీఖులు పట్టించుకోకపోతే ఎక్కడ తేలతాడో చూపించడానికి ఇది మంచి ఉదాహరణ. ఎదురు తిరిగిన అమ్మాయికి మాత్రం లూకాచ్ దొరికినందుకు సంతోషమైంది, జమీందారు సంగతిలో నాదీ లూకాచ్‌దీ ఒకే మాట అంది. ఆ ఒక్క విషయంలో నేను కూడా ఆ పిల్లతో ఏకీభవిస్తాను.

మెజో రాణి

ఈ పాఠంలో నాకు బాగా నచ్చిన క్లాసు ఇది. ఆవిడ తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చింది, అప్పటికి నిఖిలేశ్‌కి ఆరేళ్ళు, ఇద్దరూ కలిసి ఆడుకున్నారు. భర్త తాగి తాగి చిన్న వయసులోనే పోయాడు. బిమల కళ్ళతో చదివినంతసేపూ ఆవిడ నోటి దురుసు, ఈర్ష్య, నిఖిలేశ్ కళ్ళతో చదివితే ఆ ఇంట్లో తనకి మిగిలిన ఒకే ఒక్క చిన్ననాటి నేస్తం. ఒకే మనిషి రెండు గొంతుల్లో రెండు రకాలుగా ఎలా కనపడుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

పిల్లలు చార్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళారు. బిమల తీసిన డబ్బు సగం ఈవిడది. మొగుడు లేని మనిషికి ఏడాదికి మూడు వేలు, ఆ ఇంట్లో తనది అని చెప్పుకోగలిగింది అదొక్కటే. అంటే దేశం కోసం అని బిమల చేసిన త్యాగం నిజానికి ఇంకొక ఆడదాని మూడు వేలు, ఇంకొక వితంతువు ఇంకో మూడు వేలు. నవలలో స్వదేశీ ఖర్చు ఎవరి మీద పడిందో చూస్తే పంచు, తోడికోడళ్ళు, అమూల్య. గట్టిగా నినాదం ఇచ్చినవాడు రైలెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు గినీల్లో మిగిలినవి తిరిగి ఇచ్చేసి వెళ్తాడు, అది కూడా చార్టులో రాయించాను, సందీప్‌కి దక్కాల్సింది దక్కాలి.

ఎక్కడ గట్టిగా చెప్పలేకపోయిందీ నవల

ముస్లిం రైతుల విషయంలో పుస్తకం నుంచి మాకు పెద్దగా దొరకలేదు. పడవ నడిపే మీర్జాన్ అనే మనిషి పడవని సందీప్ మనుషులు ముంచేస్తారు, అతని పేరు వస్తుంది, గొంతు రాదు. అల్లర్లు చివర్లో దూరంగా వినపడే గోలగానే ఉంటాయి, నిఖిలేశ్ ఆయుధం లేకుండా గుర్రం ఎక్కి వెళ్తాడు, మనం బిమలతో కిటికీ దగ్గరే ఉండిపోతాం. రచయిత సానుభూతి కనపడుతుంది కానీ ఆ జనం నవలలోకి అడుగు పెట్టరు. ఇది లోపమే అని క్లాసులో చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తాను.

ఇంకో లోపం బిమలకి పని లేకపోవడం. ఆవిడ చదువుతుంది, వింటుంది, పూజలందుకుంటుంది, ఇస్తుంది, ఏడుస్తుంది, చెయ్యడానికి ఒక పని మాత్రం పుస్తకం ఆవిడకి ఇవ్వదు. అదే కాలంలో నిజంగా ఉన్న ఆడవాళ్ళని పక్కన పెట్టి చూపించాను. టాగోర్ మేనకోడలు సరళా దేవి చౌధురాణి 1903లోనే 'లక్ష్మీర్ భండార్' అని స్వదేశీ కొట్టు పెట్టింది, 1910లో అలహాబాద్‌లో భారత స్త్రీ మహామండల్ మొదలుపెట్టింది. రొకేయా సఖావత్ హుసేన్ 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది, ఆడవాళ్ళు ఊరేలుతుంటే మగవాళ్ళు జనానాలో ఉండే కథ, 1911లో కలకత్తాలో ముస్లిం అమ్మాయిలకి బడి పెట్టి నడిపింది. తెర పక్కకి జరిపాక బిమల సందీప్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు, అవతల ఇంత లోకం ఉంది. వచ్చేసారి రొకేయా కథతోనే సెమిస్టర్ మొదలుపెడతాను, పొట్టి కథ, ఒక్క క్లాసులో అయిపోతుంది, అది చదివిన కళ్ళతో బిమల దగ్గరికి వస్తే నవల ఏది చూడలేకపోయిందో పిల్లలే పట్టుకుంటారు.

సీత గురించి సందీప్ అనే మాటలు క్లాసులో కాస్త వేడి పుట్టించాయి. రావణుడే రామాయణానికి అసలు హీరో, అశోకవనంలో వెనకాడి పాడైపోయాడు అంటాడు సందీప్. అప్పట్లో బెంగాల్లో కూడా టాగోర్ సీతని అవమానించాడని గొడవైంది, ఒక పాఠకురాలు ఉత్తరం రాస్తే టాగోర్ 'సబుజ్ పత్ర'లోనే జవాబిచ్చాడు. పాత్ర మాట రచయిత మాట కాదని చెప్పి ముందుకి వెళ్ళిపోయాం. ఈ చోట ఎక్కువసేపు ఆగొద్దని నా సలహా, చర్చ నవల వదిలేసి ఎక్కడికో పోతుంది.

చివరి పేపర్లు

మొదట ఇచ్చిన ప్రశ్నే మళ్ళీ ఇచ్చాను, ఎవరు బాధ్యులు అని. ఈసారి ఒకే పేరు రాసినవాళ్ళు తక్కువ. బిమలది తప్పే అన్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, కానీ ఇప్పుడు కారణం అడిగితే తోడికోడళ్ళ డబ్బు చూపిస్తున్నారు, చదువుకుంటే పాడైపోతారు అనే మాట ఎవరూ రాయలేదు. నిఖిలేశ్ తప్పు ఏంటంటే అన్నీ చూస్తూ ఊరుకోవడం అని కొందరు, భార్యకి ఇంగ్లీషు నేర్పించాడు కానీ ఎస్టేటు లెక్కలు ఎప్పుడూ చూపించలేదు అని ఒకమ్మాయి. ఈ రెండో వాక్యం చూసి నేను పేపరు కింద పెట్టి కాసేపు కూర్చున్నాను, అంత బాగా నేను చెప్పలేదు.

ఎదురు తిరిగిన అమ్మాయి ఆఖరి రోజున ఒక ప్రశ్న అడిగింది. నవల చివర్లో నిఖిలేశ్ బతుకుతాడో లేదో టాగోర్ చెప్పడు, తల దెబ్బ పెద్దదని మాత్రం తెలుస్తుంది. 1984లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమాలో బిమల వితంతువు అవుతుంది. ఒకవేళ నిఖిలేశ్ పోతే ఆ ఆస్తి ఎవరిది మేడమ్? దీనికి జవాబు ఉంది. అప్పట్లో బెంగాల్లో హిందువులకి దాయభాగ చట్టం, దాని ప్రకారం కొడుకులు లేని భర్త పోతే భార్యకి ఆ ఆస్తి బతికున్నన్నాళ్ళూ అనుభవించే హక్కు వచ్చేది, మామూలుగా అయితే అమ్మడానికి ఉండేది కాదు. మరి మన దగ్గరో అంది. మనది మితాక్షర అనే ఇంకో పద్ధతి, ఉమ్మడి కుటుంబంలో వితంతువుకి 1937 చట్టం వచ్చేదాకా తిండీ బట్టా హక్కు మాత్రమే ఉండేది. బిమలకి పిల్లల్లేరు. అంటే భర్త బతికుండగా ఆరు వేలు దొంగతనం చేస్తే తప్ప చేతికి రాని మనిషి, అతను పోయిన రోజున ఇనప్పెట్టె తాళాలతో సహా జమీందారిణి అవుతుంది, సంత కూడా ఆవిడదే అవుతుంది. అప్పుడు ఆ సంతలో విదేశీ బట్ట అమ్మనిస్తుందా లేదా అని పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు, పీరియడ్ అయిపోయినా ఆపలేదు. వచ్చే బ్యాచ్‌కి అసైన్‌మెంట్‌గా ఈ ప్రశ్నే పెడుతున్నాను.